త్రోవలేని కొండలు : మరలువేళ

పర్వతములను దర్శించువారు రెండు తెగలవారు. మెట్లు కట్టిన కొండను, బాట వేసిన కొండను ఎక్కువారు మొదటి తెగవారు. సింహాచలమును, తిరుమలను కాలినడకను ఎక్కినవారు మనలో ననేకులు గలరు. వారు త్రోవను వెదకవలసిన పని లేదు. త్రోవయే వారిని కొనిపోవును. మెట్లుగాని బాటగాని లేని మాఱుమూల కొండ నొకదానిని ఎన్నుకొని, తెల్లవాఱగనే బయలుదేరి, శిఖరమును చూచి, ప్రొద్దు గ్రుంకకమునుపే మరల ఊరు చేరవలెనని పోవువారు రెండవ తెగవారు. వీరు సాధారణముగ ఒంటరిగ పోరు; నలుగురైదుగురు స్నేహితులు గూడి పోవుదురు. ఈ వ్యాసమున మేము వీరిని గూర్చియే ముచ్చటింపదలచితిమి.

సెలవు దినములందు మన విద్యార్థులు అరకు, పాడేరు ప్రాంతములకు పోవుచుండుట మేమెఱుగుదుము. కొండ నెక్కుట ఎట్లో వారు ఒకరి నడుగకయే నేర్చుకొందురు. దిగుట ఎట్లో ఎవ్వరును అడుగరు. మేమును ఒకప్పుడు అడుగలేదు. అడుగనందువలన మాకు కలిగిన యాపదను, పిమ్మట మేము నేర్చుకొన్న పాఠమును, చదువరులకు ఉపయోగపడునను నమ్మకముతో ఇందు వ్రాయుచున్నాము.

కొండ స్వరూపము

మన తూర్పు కనుమలు పడమటి కనుమలవలె ఎడతెగని గోడ కావు. మహానది, గోదావరి, కృష్ణ, పెన్న మొదలగు నదులు వానిని కోసికొని సముద్రమున గలియుటచే అవి తునుకలు తునుకలుగా నున్నవి. వీనిలో మిక్కిలి యెత్తైన కొండలు కొన్ని 2022వ సంవత్సరమున ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో నున్నవి. అర్మకొండ 1,680 మీటర్లు, అనగా సుమారు 5,500 అడుగులు. గాలికొండ 1,643 మీటర్లు. హిమాలయములతో పోల్చి చూచిన ఇవి మిట్టలవలె తోచును. అంతమాత్రమున వీనిని చులకన చేయరాదు. మంచుకొండలపై చెట్లు లేనందున శిఖరము దూరమునకే కనబడును. ఇచ్చట అడవియు, నిలువెత్తు గడ్డియు, ఉదయపు మంచును కన్నులకు అడ్డుపడును. ఎదుటివాడు ఇరువది అడుగుల దూరమున నున్నను ఒక్కొక్కచోట కానరాడు.

ఈ కొండలలో చాల భాగము ఖోండలైటు అను రాతితో ఏర్పడినది. ఈ మన్యములందు నివసించు ఖోందుల పేరే శాస్త్రజ్ఞులు ఆ రాతికి పెట్టిరి. ఎండవానలకు అది చివికి ఎఱ్ఱమన్నగును. చూచుటకు గట్టిగా నున్న రాయి చేయి వేయగనే ఊడివచ్చుటయు గలదు. కావున నిటారుగ నున్న చోట్ల ఒకరికి సరిగ్గా క్రిందుగా మఱియొకరు నడువరాదు. పైవాని కాలు జాఱిన రాయి క్రిందివాని తలపై బడును.

ఇక ఈ పాఠమున ముఖ్యమగు సంగతి. చదువరులు తమ కుడిచేతిని బల్లమీద బోర్లించి, అరచేయి పైకి లేచునట్లు వ్రేళ్ళను చాపి చూతురు గాక. మణికట్టు శిఖరమనుకొనుడు. వ్రేళ్ళు ఆ శిఖరమునుండి దిగివచ్చు మెట్టలు. వానిని మేమిందు వెన్నులని పిలుతుము. వ్రేళ్ళ సందులు లోయలు. వానియందు గెడ్డలు పాఱును. ఏ వ్రేలి కొననుండి బయలుదేరినను పైకి పోవువాడు తుదకు మణికట్టునే చేరును. ఎక్కువానికి దారి తప్పుట కష్టము. మణికట్టునుండి దిగువాని సంగతి అట్లు కాదు. వాని యెదుట అయిదు దారులున్నవి. మొదట అవి ఒకదానికొకటి మిక్కిలి చేరువగ నుండును. ఏ వ్రేలిమీద నున్నాడో వానికే తెలియదు. దిగినకొలది అవి ఎడమగుచు పోవును. ఒక్క వ్రేలు తప్పినవాడు కొనకు చేరువఱకు తప్పితినని ఎఱుగడు. ఎఱిగినపుడు తన యూరికిని తనకును నడుమ ఒక లోయయు, ఒక గెడ్డయు ఉండును.

కావున దారి తప్పుట తఱచుగ జరుగునది ఎక్కునపుడు కాదు, దిగునపుడు. అపుడు కాళ్ళు అలసియుండును, నీరు తఱిగియుండును, ప్రొద్దు వాలియుండును, శిఖరమును చూచితిమను సంతోషముచే మనస్సు ఏమఱియుండును.

పటము, కాలగణనము

త్రోవలేని కొండకు పటమే త్రోవ. 1767లో స్థాపింపబడిన సర్వే ఆఫ్ ఇండియా వారు 1:50,000 ప్రమాణమున పటములు తయారుచేసియున్నారు. వీనియందు పటముమీది రెండు సెంటీమీటర్లు నేలమీది ఒక కిలోమీటరునకు సమానము. సముద్రమట్టమునకు ఒకే యెత్తున నున్న చోట్లను కలుపుచు గీచిన సన్నని గీతలను సమోన్నతరేఖలందురు. గీతకును గీతకును ఎత్తులో సాధారణముగ 20 మీటర్ల భేదముండును. గీతలు ఒత్తుగ నున్నచోట నిటారైన చరియయు, ఎడముగ నున్నచోట మెల్లని వాలును గలవని గ్రహింపవలెను.

ఈ పటముల వెనుక గొప్ప శ్రమ యున్నది. 1802లో మద్రాసు నగర సమీపమున కర్నల్ లాంబ్టన్ భూమిని కొలుచుట ప్రారంభించెను. ఆయన పరివారము త్రోవలేని కొండకొమ్ముల నెక్కి, జెండాలు నాటి, ఒక కొమ్మునుండి మఱియొక కొమ్మునకు కోణములను కొలిచిరి. ఆయన సహాయకుడగు జార్జి ఎవరెస్టు కృష్ణాగోదావరుల నడిమి అడవులలో పనిచేయుచు విషజ్వరము వాతబడి, 1820లో ఆరోగ్యము కొఱకు దక్షిణాఫ్రికాకు పోవలసివచ్చెను. ఆ జ్వరమును దోమలు వ్యాపింపజేయునని ఆనాడు ఎవ్వరును ఎఱుగరు. 1897లో మన సికిందరాబాదునందే రొనాల్డు రాస్ దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమిని కనుగొనెను. మన్యమునకు పోవువారు నేటికిని నిండుచేతుల చొక్కాయి ధరింపవలెననుటకు కారణమిదియే.

పటమును చూచి ఎంతకాలము పట్టునో లెక్కకట్టవచ్చును. 1892లో స్కాట్లండు దేశపు పర్వతారోహకుడగు విలియం నెయిస్మిత్ ఒక సూత్రము చెప్పెను. నడక ప్రతి మూడు మైళ్ళకు ఒక గంట; ఎక్కు ప్రతి 2,000 అడుగులకు మఱియొక గంట. మన కొలతలలో ఇంచుమించు అయిదు కిలోమీటర్లకొక గంట, 600 మీటర్ల యెత్తునకొక గంట. ఇది బాటయున్న చోటి లెక్క. బాట లేని అడవిలో దీనిని రెండింతలు చేయుట మంచిదని మా యనుభవము.

ఉదాహరణము: ఊరినుండి శిఖరమునకు 6 కిలోమీటర్లు, ఎత్తు 600 మీటర్లు అనుకొందము. నడకకు 1 గంట 12 నిమిషములు, ఎత్తునకు 1 గంట; మొత్తము 2 గంటల 12 నిమిషములు. రెండింతలు చేయగా 4 గంటల 24 నిమిషములు. దిగుటకు ఇంతకంటె చాల తక్కువ పట్టునని అందఱును తలంతురు. జాఱుడు నేలయందు, పొదల నడుమ, దారి వెదకికొనుచు దిగుటకు ఎక్కినంతసేపును పట్టునని ఎంచుటయే క్షేమము. మన విశాఖ ప్రాంతమున డిసెంబరు నెలయందు సాయంకాలము 5-30 గంటల ప్రాంతముననే సూర్యుడస్తమించును. సంధ్యవెలుగు మన దేశమున అరగంటకు మించి నిలువదు. కావున 5 గంటలకు ఊరు చేరవలెను. చేరవలెనన్న 12-30 గంటలకు వెనుకకు తిరుగవలెను.

శిఖరము చేరినను చేరకున్నను తిరుగవలెనని ఊరిలో నున్నపుడే నిర్ణయించుకొనిన ఈ గడియనే మేము మరలువేళ యనుచున్నాము.

మా మొదటి యాత్ర

పై యుదాహరణమున చెప్పిన కొండ కల్పితము కాదు. అది పాడేరు ప్రాంతమున నున్నది. దాని పేరు వ్రాయము. త్రోవలేని కొండకు త్రోవ చూపుట మా యుద్దేశము కాదు. ఈ పాఠశాలయందు ఒకే తరగతిలో చదివిన అయిదుగురము కొన్ని సంవత్సరముల క్రిందట డిసెంబరు నెలలో అచ్చటికి పోయితిమి. వలిసె చేలు పచ్చగా పూచి లోయలు పసుపు ఆరబోసినట్లుండెను. ముందునాటి రాత్రి లెక్కకట్టి, 6-30 గంటలకు బయలుదేరవలెననియు, మరలువేళ 12-30 గంటలనియు ఏర్పఱచుకొంటిమి. చలికి లేవలేక 8 గంటలకు బయలుదేరితిమి. మరలువేళ పండ్రెండున్నరయే యుండెను గాని, చేతిలోనున్న గంటన్నర అప్పుడే పోయినదని మాలో ఎవ్వరును ఎంచలేదు.

ఊరి చివర ఒక ముసలివాడు చోళ్ళకుప్ప కడ కూర్చుండి యుండెను. దారి చూపుటకు కుఱ్ఱవానిని పంపుదునా యని యడిగెను. కూలి మిగుల్చుకొనుటకో, మాకు తెలియదా యను గర్వముచేతనో వలదంటిమి. అతడు మమ్ము వ్రేలితో లెక్కపెట్టి, “బాబూ, ఎక్కినంతసేపూ దిగడానికీ పడతాది. పొద్దు చూసుకోండి” అనెను. మేము తలయూచి సాగిపోతిమి.

12-30 గంటలకు ఒక కొమ్ముమీద నిలిచితిమి. అదియే శిఖరమనుకొంటిమి. ఎక్కి చూడగా అసలు శిఖరము ఒక కనుమకు ఆవల ఇంకను ఎత్తుగ కనబడెను. కొండలు ఇట్లు మోసపుచ్చుట సామాన్యము. క్రిందినుండి చూచువానికి ముందరి కొమ్ము వెనుకటి కొమ్మును మఱుగుపఱచును. మాలో నొకడు గడియారము చూచి, “మనము చెప్పుకొన్న మాట ఏమి?” అనెను. మేము నవ్వితిమి. ఇంతదూరము వచ్చి పిఱికివలె తిరిగిపోదుమా యని హాస్యము చేసితిమి. అతడు మఱి మాటాడక మా వెనుక నడచెను.

2-40 గంటలకు శిఖరమును చేరితిమి. ఆ యానందమును మేము కాదనము. కొండ వెనుక కొండ, దాని వెనుక మఱియొక కొండ, నీలముగ సన్నగిల్లుచు ఆకాశమున గలిసిపోవుచుండెను. అరగంటసేపు ఛాయాచిత్రములు తీసికొంటిమి. దిగునపుడు వడిగల ఇద్దఱు ముందు నడచిరి. మంచు క్రమ్మెను. శిఖరమునుండి రెండు వెన్నులు ఒకే మెట్టవలె బయలుదేరి కొంతదూరమున చీలుచున్నవని పటమున స్పష్టముగ నున్నది. ఆ పటము మా సంచిలో మడతపెట్టియే యున్నది.

4 గంటలు దాటిన పిమ్మట గెడ్డ చప్పుడు కాళ్ళక్రిందనే వినబడెను. ఎదుట నేల తెగిపోయి చరియయై యుండెను. దారి తప్పితిమని అప్పుడు గ్రహించితిమి. వెనుకకు ఎక్కుచుండగా రాయి యూడి, మరలుదమని చెప్పిన స్నేహితుని చీలమండ బెణికెను. సెల్ ఫోను ఆ లోయలో పలుకలేదు. ముందు పోయిన ఇద్దఱి జాడ లేదు. చీకటి పడెను. నీరు లేదు. వారి పేర్లు పిలిచి పిలిచి గొంతులు రాచిపోయెను. బదులుగా గెడ్డ చప్పుడే వినవచ్చెను. ఆ చరియ అంచున వారు నిలిచిరో, నిలువలేదో యను తలంపుతో గడపిన ఆ మూడు గంటలను మేము మఱవజాలము.

రాత్రి 9 గంటలకు కాగడాలు కనబడెను. ఉదయము మమ్ము లెక్కపెట్టిన ముసలివాడు సాయంకాలము మరల లెక్కచూచెను. ఎక్కినవారయిదుగురు, దిగినవారు సున్న. అతడు ఊరివారిని లేపి పంపెను. ముందుపోయిన ఇద్దఱును చరియకు పైగా నొక పోడుచేని గుడిసెలో చలికి వణకుచు వారికి దొరకిరి. మా స్నేహితుని ఇద్దఱు వంతులవారీగ వీపున మోసికొనివచ్చిరి. ఉదయము కూలి మిగుల్చుకొన్న మేము ఆ రాత్రి వారి యిండ్లలో అంబలి త్రాగి, వారి నిప్పు చెంత పరుండితిమి. స్నేహితుడు మమ్ము ఒక్కమాటయు అనలేదు. అనియుండిన మాకు సులభముగ నుండెడిది.

మరలిపోవుట పిఱికితనమా?

మేమాడిన హాస్యపు మాటకు పర్వతారోహణ చరిత్రయందే జవాబున్నది. 1924వ సంవత్సరము జూన్ 4వ తేదీన ఎవరెస్టు శిఖరముమీద ఎడ్వర్డు నార్టన్, హోవర్డు సోమర్వెల్ అను స్నేహితులిద్దఱు ప్రాణవాయువు సీసాలు లేకయే ఎక్కుచుండిరి. సోమర్వెల్ తిరువాన్కూరు సీమలోని నెయ్యూరు వైద్యశాలయందు చిరకాలము శస్త్రవైద్యుడుగ పనిచేసిన మహనీయుడు. మధ్యాహ్నమగుసరికి ఆయన గొంతు చెడి సాగలేక నిలిచిపోయెను. నార్టన్ ఒంటరిగా 28,126 అడుగుల యెత్తువఱకు పోయెను. ఇంక సుమారు 900 అడుగులే మిగిలియుండెను. కన్నులకు ఒకటి రెండుగ తోచుచుండెను. ఒంటిగంట యయ్యెను. ఆయన వెనుకకు తిరిగెను. దిగుచున్నపుడు సోమర్వెల్ గొంతులోని పొర యూడి అడ్డుపడి ఊపిరి ఆగిపోయెను. ఆయన కూర్చుండి తన ఱొమ్మును తానే నొక్కుకొని దానిని వెడలగ్రక్కి బ్రదికెను. అచ్చటను ప్రాణాపాయము దిగునపుడే సంభవించినది. తిరుగుట మఱికొంత ఆలస్యమైయుండిన ఏమయ్యెడిదో చదువరులే యూహింతురు గాక.

నాలుగు దినముల తరువాత, జూన్ 8న, అదే కొండపై శిఖరమునకై బయలుదేరిన మాలరీ, అర్విన్ అనువారు తిరిగిరాలేదు. మాలరీ దేహము 1999లో దొరకినది. వారు శిఖరమును చేరిరో లేదో నేటికిని తేలలేదు. 1953లో టెన్సింగు, హిల్లరీ శిఖరమును చేరి క్షేమముగ దిగివచ్చిరి. మన తెలుగుబాలిక మాలావత్ పూర్ణ 2014లో, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఆ శిఖరమును చూచి తిరిగివచ్చినది. మన పిల్లలకు ధైర్యము కొదువ లేదు. ధైర్యమునకు తోడు గడియారమును నమ్ము నిగ్రహము కావలెను. నార్టన్‌ను పిఱికివాడని ఎవ్వరును అనలేదు.

పాటింపదగిన నియమములు

1. అడవి ప్రవేశమునకు అటవీశాఖవారి యనుమతిని, కొండ క్రింది ఊరి పెద్దల యనుమతిని పొందవలెను. కొన్ని కొండకొమ్ములు అచ్చటివారికి దేవస్థానములు. వారు వలదన్నచోటికి పోరాదు.

2. ఎందఱు పోవుచున్నారో, ఎప్పటికి తిరిగివత్తురో ఊరిలో నొకరికి చెప్పిపోవలెను. మమ్ము కాపాడినది ఈ లెక్కయే.

3. ఆ యూరివానిని ఒకనిని దారి చూపుటకు పిలుచుకొని, తగిన కూలి ఈయవలెను. పటము ఎఱుగని పొదను అతడెఱుగును.

4. అందఱికంటె మెల్లగ నడచువానిని ముందు నడపవలెను. అపుడు జట్టు చీలదు. ఎవ్వరును కనుచూపు దాటిపోరాదు.

5. ఎక్కునపుడే మాటిమాటికి వెనుదిరిగి చూడవలెను. దిగునపుడు కనబడు కొండ ఎక్కునపుడు చూచిన కొండవలె నుండదు. వెన్నులు చీలుచోట రాళ్ళు పేర్చి గుఱుతు పెట్టి, దిగునపుడు ఆ రాళ్ళను తీసివేయవలెను.

6. శిఖరమునుండి కదలకమునుపే పటమును పఱచి, దిక్సూచిని చూచి, ఏ వెన్నున దిగవలెనో నిశ్చయించుకొనవలెను. సెల్ ఫోనులో పటము నిలువచేసికొనుట మంచిదే. దానినే నమ్ముట మంచిది కాదు.

7. దారి తప్పినచో గెడ్డ వెంబడి దిగరాదు. మన కొండలలో గెడ్డలు తఱచుగ చరియలనుండి దుముకును. తప్పితిమని తోచగనే, తెలిసిన చోటివఱకు వెనుకకు ఎక్కవలెను. చీకటి పడినచో కదలక యొకచోటనే కూడియుండవలెను.

8. ప్రతివాడును మూడు లీటర్ల నీరు, ఒక దీపము, ఒక కంబళి కొనిపోవలెను. ప్రతి వేయి మీటర్ల యెత్తునకు గాలి చల్లదనము సుమారు ఆఱున్నర సెంటిగ్రేడు డిగ్రీలు హెచ్చును. లంబసింగియందు శీతకాలపు రాత్రులు ఎట్లుండునో వినియే యుందురు.

9. మరలువేళను ఒక్కని చేతికి అప్పగింపవలెను. అతడు తిరుగుదమన్నపుడు చర్చ యుండరాదు.

మా రెండవ యాత్ర

మఱుసటి సంవత్సరము డిసెంబరులో మేమైదుగురమును అదే యూరికి పోయితిమి. ఈ మాఱు ముసలివాని మనుమడు మా ముందు నడచెను. మరలువేళను, చీలమండ బెణికిన స్నేహితుని చేతికి అప్పగించితిమి. 6-30 గంటలకు బయలుదేరితిమి గాని, రాత్రి మంచుకు తడిసిన గడ్డియందు నడక సాగలేదు. 12-30 గంటలకు కనుమలో నుంటిమి. శిఖరము ఎదుటనే యున్నది. దానిమీది రాళ్ళను లెక్కపెట్టవచ్చును. అరగంటలో చేరెడివారమేమో. స్నేహితుడు గడియారము చూచెను, మా ముఖములను చూచెను, ఏమియు అనలేదు. మేమే ముందుగా వెనుకకు తిరిగితిమి.

4-30 గంటలకు ఊరు చేరితిమి. ఎండ యింకను చోళ్ళకుప్పలమీద నుండెను. ముసలివాడు మమ్ము వ్రేలితో లెక్కపెట్టి, అయిదని తృప్తిపడి, కొమ్ము చూచితిరా యని యడిగెను. ఈసారి చూడలేదంటిమి. “కొండ ఎక్కడికి పోతాది బాబూ” అని నవ్వెను.

విద్యార్థులారా! కొండలకు పొండు. స్నేహితులతో గూడి పొండు. పుస్తకములలో దొరకని విద్య అచ్చట దొరకును. ఐతే ఇంటినుండి కదలకమునుపే మరలువేళను నిర్ణయించుకొనుడు. స్నేహితుడు దానిని జ్ఞాపకము చేసినపుడు నవ్వకుడు. వెళ్ళినవారెందఱో వచ్చినవారందఱైననే ఆ యాత్ర సఫలమైనదని యెఱుగుడు.